చేపా రొయ్యా ఒకటి కాదని రుజువు చేసిన రోజు

పరీక్ష తప్పి ఏడాది పోగొట్టుకున్నవాళ్లను మీరు చూసే ఉంటారు. అన్ని పరీక్షలూ మంచి మార్కులతో ప్యాసై, ఆపైన వాదనలో కూడా గెలిచి, రెండేళ్లు పోగొట్టుకున్న ప్రబుద్ధుణ్ణి ఎక్కడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి. ఈ వ్యాసం రాస్తున్నది అతడే.

ఆ రోజుల్లో నాకొక జబ్బుండేది. ఎవరేమన్నా ‘ఆధారం ఏమిటి?’ అనేవాణ్ణి. చేపల పులుసు మర్నాటికి రుచి పెరుగుతుందని అమ్మ అంటే, కళ్లకు తువ్వాలు కట్టుకుని నిన్నటి పులుసునూ ఇవాళ్టి పులుసునూ విడివిడిగా రుచి చూసి, ‘ఫలితం తేలలేదు’ అని ప్రకటించాను. అమ్మ రెండు గిన్నెలూ లోపలికి తీసుకుపోయి, నా అన్నంలో మజ్జిగ పోసింది.

మాది ముదినేపల్లి దగ్గర చేపల చెరువుల మీద బతికే కుటుంబం. తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీలో ఆక్వాకల్చర్ డిగ్రీ రెండేళ్లు చదివాక, విద్యార్థులు చాలలేదని ఆ కోర్సునే ఎత్తేశారు. దిగులు పడనక్కరలేదనీ, చదివిన సబ్జెక్టులకు వచ్చిన క్రెడిట్లను ఏలూరులో ఒక యూనివర్సిటీకి బదిలీ చేయించుకుంటే నేరుగా మూడో ఏడాదిలో కూర్చోవచ్చనీ చెప్పారు. వాళ్లు ఒప్పుకోకపోతే మాత్రం మళ్లీ మొదటి ఏడాదే. అందులో అప్పటికే మా చెల్లెలు శిరీష చేరి ఉంది.

బయలుదేరేముందు నాన్నగారు బతిమాలారు. “ఒరే బాబూ, ఆయనేమన్నా ‘అవునండీ’ అను. అంతకు మించి నీ నోట్లోంచి ఇంకో ముక్క రాకూడదు.”

“అన్నయ్యా, అక్కడ కూడా ఆధారం అడిగావనుకో, నా పక్కన బల్ల ఖాళీగానే ఉంది,” అంది శిరీష.

నేను జాలిగా నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే చెంప వాయించుకోవాలనిపిస్తుంది.

యూనివర్సిటీలో క్రెడిట్ల సంగతి చూసే ప్రొఫెసరుగారు వెన్నలాంటి మనిషి. మమ్మల్ని కూర్చోబెట్టి టీ తెప్పించారు. “మీ సిలబస్ చూశాను బాబూ. మాదీ మీదీ దాదాపు ఒకటే. రెండేళ్లవీ ఇచ్చేద్దాం,” అంటూ పెన్ను మూత తీశారు.

అవునండీ అనాలి. కోళ్లఫారంలో కోడి కూడా అవునండీ అనేది.

“దాదాపు అంటే ఎంతండీ?” అన్నాను.

నాన్నగారు బల్ల కింద నా కాలు తొక్కారు. కాలు తొక్కడం ఆధారం కిందికి రాదు కనుక లెక్కచేయలేదు.

“అంటే, రెండూ చెరువుల పెంపకమే కదా బాబూ,” అన్నారు ప్రొఫెసరుగారు.

“మేం చదివింది మంచినీటి చేపండీ. మీరు చెప్పేది ఉప్పునీటి రొయ్య. దాని మేత వేరు, జబ్బులు వేరు, పిల్ల తీసే పద్ధతి వేరు. రెంటికీ నీళ్లు కావాలన్నది తప్ప ఇంకే పోలికా లేదండీ.”

“చేపైనా రొయ్యైనా చెరువులోనే కదా ఉండేది!”

“ఆ లెక్కన కొంగ కూడా చెరువులోనే ఉంటుందండీ.”

ఆయన పకపకా నవ్వారు. నవ్వి, రెండు సిలబస్‌లూ పక్కపక్కన పెట్టి నా ముందుకు తోశారు. ఇక చూసుకోండి, సంతలో బెల్లం దొరికిన ఈగలా వాలిపోయాను. ఒక్కో పేపరూ తీసి, ఇది అది ఎందుకు కాదో విడమరచి చెప్పాను. తెలుగు, ఇంగ్లీషు పేపర్లు మాత్రం మిగిలాయి. వాటి మీదికి కూడా వెళ్లేవాణ్ణే గాని, నాన్నగారు టీ గ్లాసు నా నోటికి అడ్డం పెట్టారు.

ప్రొఫెసరుగారు పెన్నుకు మూత పెట్టేశారు.

“వాడేదో తెలియక వాగాడండీ,” అన్నారు నాన్నగారు, చేతులు జోడించి.

“తెలియక కాదండీ. అన్నీ తెలిసే చెప్పాడు, ఒక్క ముక్కా తప్పు లేదు. అదే వచ్చిన చిక్కు. ఇంత విన్నాక రెండూ ఒకటేనని నేనెలా సంతకం పెట్టనండీ?”

తిరుగు బస్సులో నాన్నగారు కిటికీలోంచి చెరువులకేసి చూస్తూ మెల్లగా అడిగారు.

“గెలిచావా?”

“గెలిచానండీ,” అన్నాను. అప్పటికి నాకింకా సంతోషంగానే ఉంది. మూర్ఖత్వంలో అంతటి నిలకడ అందరికీ సాధ్యం కాదు.

మొదటి రోజు క్లాసులో మేష్టారు హాజరు పిలుస్తూ, గడ్డం బాగా పెరిగిన నన్ను చూసి ఆగారు. “ఏవండీ, ఇదివరకే రెండేళ్లు చదివారట, మళ్లీ మొదటి ఏడాదికి ఎవరు పంపారు?”

నా పక్కనున్న శిరీష లేచి నిలబడింది.

“ఎవరూ పంపలేదండీ. మా అన్నయ్యే రుజువు చేసుకుని వచ్చాడు.”

ఆనాటి క్లాసు నవ్వుల సాక్షిగా, కొల్లేటి చేపల సాక్షిగా, ఉప్పునీటి రొయ్యల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: నాకు మేలు చేయబోయే మనిషి పెన్ను మూత తీశాక, మళ్లీ మూత పెట్టేదాకా నోరు విప్పను. ఆ ప్రతిజ్ఞ ఇప్పటికీ నిలబెట్టుకుంటున్నాను.

దయచేసి ఆధారం అడగకండి.