బారాదరిలో లింబాద్రి దస్తీ

ఖాళీ కుర్చీ కనబడితే లింబాద్రి చెయ్యి ఆగదు. భుజం మీది ఎర్రగళ్ల దస్తీ తీసి దాని మీద పరుస్తాడు. ఎవరైనా అడిగితే "మావోళ్లు వస్తున్నరు" అంటాడు. ఆ మావోళ్లను బోధన్‌లో ఇంతవరకు చూసినవాళ్లు లేరు.

బస్సు సీటుకు దస్తీ వెయ్యడం అందరూ చేసేదే. లింబాద్రి మంగలి షాపులో వేశాడు, దవాఖానలో డాక్టరు కుర్చీ మీదా వేశాడు. అయితే ఆయన అసలు ఇలాకా పాతబజారు నడుమనున్న బారాదరి. నవాబుల కాలంనాటి రాతి మంటపం, చుట్టూ కమాన్లు. ఇప్పుడు పెళ్లిళ్లు, సన్మానాలు, సంతాప సభలు అన్నీ అందులోనే. పిలిచినా పిలవకపోయినా లింబాద్రి ముందుగా చేరి, ముందు వరసలో నడిమి కుర్చీ మీద దస్తీ వేసి పక్కన నిలబడతాడు. తాను మాత్రం కూర్చోడు.

మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీని తెరిపిస్తామని ఎన్నికలు వచ్చినప్పుడల్లా అక్కడ సభ పెడతారు. ఒకసారి ముఖ్య అతిథి కుర్చీ మీదే దస్తీ పడింది. కార్యకర్తలు తీయమన్నారు. "మావోళ్లు చెరుకు బండి మీద వస్తున్నరు. ఫ్యాక్టరీ తెరిసేలోపల వస్తరు," అన్నాడు లింబాద్రి. అతిథి నిలబడే మాట్లాడాడు. ప్రసంగం పొట్టిగా ముగిసినందుకు ఊరు సంతోషించింది.

ఎడపల్లి త్రివేణి కూడా ఆ కథకు కడుపుబ్బ నవ్వింది. తన కూతురు శ్రీవాణి పెళ్లి బారాదరిలోనే అనుకున్నాక నవ్వడం మానేసింది. పెళ్లికొడుకు చిన్నాన్న, రుద్రూర్ ఆత్మారాం పటేల్, మర్యాదల మనిషి. ముందు వరస మొత్తం మాదే అని ముందే చెప్పాడు.

ఇంకో మాట కూడా చెప్పాడు. శ్రీవాణి పాకే వయసులో త్రివేణి మొగుడు దుబాయి పోయాడు. మళ్లీ కబురు లేదు. ఉన్నాడో లేడో తెలియనివాడి భార్య ముత్తైదువ అవుతుందా, కాదా అని ఆత్మారాంకు సందేహం. సందేహం ఉన్న మనిషి పీటల దగ్గరికి ఎందుకన్నాడు. కన్యాదానం త్రివేణి తమ్ముడు సురేందర్ దంపతులు చేస్తారు, ఆమె వంటల దగ్గర ఉంటుంది. పెద్దలు తలలూపారు. త్రివేణి కూడా ఊపింది. ఊపకపోతే సంబంధం పోతుంది. బీడీలు చుట్టి పెంచిన పిల్ల. పుస్తె కట్టేటప్పుడు దాని మొహం చూడాలన్నది ఒక్కటే ఆశ. వంటల షామియానా బారాదరి వెనక. అక్కడినుంచి కనబడేవి రెండే: రాతి స్తంభం, వీడియో తీసేవాడి వీపు.

పెళ్లినాడు ఆత్మారాం ముందు వరసకు వచ్చేసరికి నడిమి కుర్చీలో దస్తీ ఉంది.

"ఎవలది?"

"మావోళ్లది, పటేలా. వస్తున్నరు."

"పెండ్లికొడుకు చిన్నాయనకు లేని కుర్సీ నీ దస్తీకి గావాల్నా?"

"మీరు నిలబడ్డా చిన్నాయనే. దస్తీ లేస్తే ఉత్త బట్ట అయితది."

వెనక వరసలో ఎవరో నవ్వారు. ఆత్మారాం పెళ్లికొడుకును పీటల మీంచి లేపి తీసుకుపోతానన్నాడు. సురేందర్ ఉరికొచ్చి, వేదిక మీది మఖమల్ కుర్చీ తెచ్చి దస్తీ పక్కనే వేసి, బతిమాలి కూర్చోబెట్టాడు. కబురు వంటల దగ్గరికి పోయింది. త్రివేణి చేతిలోని గంటె అట్లాగే పట్టుకుని కమాను దాకా వచ్చింది.

"అన్నా, నీ కాళ్లు మొక్కుత. నా బిడ్డ పెండ్లి. గా దస్తీ తియ్యి."

లింబాద్రి ఆమెను, గంటెను చూశాడు.

"తీస్త గని, నాకిప్పుడు అర్జెంటుగ పాను గావాలె. వచ్చేదాక నువ్వు కూసో. లేకుంటే ఎవడన్న గుంజుకుంటడు."

"నేనా? నన్ను ముందటికి రావద్దన్నరు."

"నిన్ను పెండ్లికి రమ్మంటలేను. దస్తీ కాయమంటున్న."

త్రివేణి దస్తీ ఒళ్లో పెట్టుకుని భయంభయంగా అంచున కూర్చుంది. ఆత్మారాం కళ్లెర్రజేశాడు. "లింబాద్రి అన్న దస్తీ కాస్తున్న," అందామె. ముత్తైదువలకు, కానివాళ్లకు ఆత్మారాం దగ్గర నియమాలున్నాయి. దస్తీ కాసేవాళ్లకు లేవు. గొణుక్కుని అటు తిరిగాడు.

గట్టిమేళం మోగింది. శ్రీవాణి తలెత్తింది. ఎదురుగా తల్లి, చేతిలో గంటె.

పాన్ డబ్బా బారాదరికి ఎదురుగానే ఉంది. లింబాద్రి అటు పోనే లేదు, చివరి కమాను కింద నిలబడి ఉన్నాడు. వెనక వరసలోంచి ముసలి ఈరవ్వ త్రివేణి చెవి దగ్గర వంగింది.

"నా మొగుడు పోయిన యాడాదే నా బిడ్డ పెండ్లి ఈడనే అయింది. గప్పుడు గూడ గీనకు పాను యాదికొచ్చింది."

అక్షింతలు పడగానే జనం భోజనాలకు ఉరికారు. ఆత్మారాం అందరికన్నా ముందున్నాడు. లింబాద్రి మెల్లగా వచ్చి దస్తీ అందుకుని పిండి చూశాడు.

"దస్తీ కాయమంటే తడిపినవ్."

"ఉతికిస్త అన్నా. రేపు ఇస్త."

"వద్దు. రేపు ఈడ సంతాప సభ ఉన్నది," అన్నాడు లింబాద్రి, దస్తీ దులిపి భుజాన వేసుకుంటూ. "ముందటి వరసకు మస్తు గిరాకి."