నోరు తెరిస్తే లాంచీ కథ

పళ్ళ డాక్టరుగారికి ఒక్కటే బలహీనత. ఎదుటివాడు నోరు తెరిస్తే చాలు, కథ చెప్పడం మొదలుపెడతారు. అదీ ఒకే ఒక్క కథ. జపాన్ వాళ్ళు తీసిన ఓ బొమ్మల ప్రేమ సినిమా కథ. ఎదుటివాడి నోట్లో అద్దం, గొట్టం, దూది, డాక్టరుగారి రెండు వేళ్ళు ఉంటాయి కనక "ఇక చాలు మహాప్రభో" అనే దారి వాడికి లేదు. కథలు చెప్పి జనాన్ని నిద్రపుచ్చేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు గానీ, మత్తు కూడా ఇచ్చి మరీ కథ చెప్పే మనిషి ఈయనొక్కరే.

ఈ మాట అనేది ఆయన మరదలు. డాక్టరుగారి భార్యకు స్వయానా చెల్లెలు. పదకొండేళ్ళుగా ఆ ఆసుపత్రి ముందుగదిలో బల్ల వెనక కూర్చుని ఫోన్లెత్తేదీ, పేర్లు రాసేదీ, వచ్చినవాళ్ళను వరసలో కూర్చోబెట్టేదీ ఆవిడే. ఇరవై నిమిషాల పన్ను గంట సాగితే, దవడలు పట్టుకుని కూర్చున్నవాళ్ళ చూపులన్నీ గుచ్చుకునేదీ ఆవిడకే.

"ఇంకెంతసేపమ్మా?"

"అయిపోవచ్చిందండీ. గొడుగు దాకా వచ్చారు."

"గొడుగేంటి? నాది జ్ఞానదంతం."

"మీది కాదండీ, లోపలున్నాయనది. అంటే ఆయనదీ కాదు... కూర్చోండి, పిలుస్తాను."

పొద్దున్న తొమ్మిదికి మొదలై సాయంత్రం ఆరు దాకా ఇదే వరస. ఇంటికెళ్ళి అన్నం వడ్డిస్తుంటే కూడా "గొడుగు దాకా వచ్చింది" అని నోరు జారి, ఒకసారి భర్త చేత చీవాట్లు తింది.

ఈ జబ్బు మూడేళ్ళ కిందట అంటుకుంది. అంటించింది మరదలి కూతురే. పెదనాన్నగారింటికి వెళ్ళినప్పుడు ఆ సినిమా పెట్టుకుని, మధ్యలో ఎవరో స్నేహితురాలు ఫోన్ చేస్తే బాల్కనీలోకి పోయింది. ఉత్తినే వాగుతున్న టీవీని కట్టేద్దామని డాక్టరుగారు రిమోట్ చేతిలోకి తీసుకున్నారు. అంతే. ఎత్తిన చెయ్యి దించలేదు, నొక్కాల్సిన బొత్తాం నొక్కలేదు. గంటంబావు అలా నిలబడే చూశారు.

"కూర్చుని చూడొచ్చుగా?" అంది అక్క.

"నేను చూట్టం లేదు. ఆపడానికొచ్చాను," అన్నారాయన, కళ్ళు తిప్పకుండా.

సినిమా అయిపోయాక మళ్ళీ మొదటినుంచి పెట్టించుకున్నారు. ఈసారి కూర్చున్నారు.

"యాభై నాలుగేళ్ళొచ్చాయి, ఇప్పుడు బొమ్మల సినిమాలేంటండీ? నలుగురూ నవ్విపోతారు," అంది అక్క.

"మనుషులైతే నటిస్తారే. బొమ్మలకి నటించడం రాదు," అన్నారు డాక్టరుగారు.

ఇంతా చేసి కథ గట్టిగా చెప్పుకుంటే నాలుగు ముక్కలు. ఒక పెద్ద ఏరు. ఇటూ అటూ తిరిగే లాంచీ. అందులో టికెట్లకి చిల్లు కొట్టే కుర్రాడు. అవతలి ఒడ్డుకి వెళ్ళి వయొలిన్లు బాగుచెయ్యడం నేర్చుకునే అమ్మాయి. రోజూ ఆమె టికెట్టు ఇస్తుంది, అతను చిల్లు కొడతాడు. ఒకరంటే ఒకరికి ప్రాణం, కానీ సినిమా మొత్తంలో వాళ్ళిద్దరూ మాట్లాడుకునేవి తొమ్మిది వాక్యాలు. ఆ తొమ్మిదిట్లో రెండు వాతావరణం గురించి.

"చెప్పేస్తే గొడవ వదిలిపోయేదిగా!" అంటుంది మరదలు.

"చెప్పేస్తే నీలాంటివాళ్ళకి సినిమా అవుతుంది. చెప్పకపోతే నాలాంటివాళ్ళకి అవుతుంది," అంటారు బావగారు.

ఒక ఆదివారం బంధువులందర్నీ పిలిచి, కుర్చీలు వేసి మరీ చూపించారు. చూపించారంటే చూడనిచ్చారని కాదు. రెండు నిమిషాలకోసారి ఆపుతారు. "ఇదిగో, కెటిల్ మూత చూడండి, ఎలా వణుకుతోందో!" అంటారు. "ఈ నిశ్శబ్దం విన్నారా?" అంటారు. ఆయన మాట్లాడుతుంటే నిశ్శబ్దం ఎవడికి వినబడుతుంది? అవతలి ఒడ్డున వాన పట్టుకుని ఇద్దరూ ఒకే గొడుగు కిందికి వచ్చేసరికి, సినిమా ఆపి, టీవీ దగ్గరికెళ్ళి, వేలితో చూపించారు.

"గొడుగు ఎవరి వైపు వంగిందో చూశారా? ఆమె వైపు. ఇతని భుజం తడిసిపోతోంది. ఆమె చూసింది. చూసి ఏమీ అనకుండా అర అడుగు దగ్గరికి జరిగింది. ఇది పిల్లలకి అర్థమవుతుందా? పెళ్ళై పాతికేళ్ళయినవాడికి అర్థమవుతుంది!"

"పెళ్ళై పాతికేళ్ళయినవాడు పెళ్ళాం మీద గొడుగెప్పుడు వంచాడో!" అంది అక్క, గోడతో చెబుతున్నట్టు.

ఆ రోజు సినిమా సగం కూడా కాలేదు. పిన్నిగారు కుర్చీలోనే గుర్రుపెట్టారు. మరదలి భర్త టీ తాగి వస్తానని వెళ్ళి మర్నాడు కనబడ్డాడు.

ఇంట్లో అయితే పారిపోవచ్చు. ఆసుపత్రి కుర్చీలో పడుకున్నవాడు ఎక్కడికి పోతాడు? తోలు వ్యాపారి, తాలూకాఫీసు గుమాస్తా, లెక్కల మేడమ్, అందరూ ఆ లాంచీ ఎక్కినవాళ్ళే. అయితే ఈమధ్య మరదలికి కొత్త తలనొప్పి పట్టుకుంది. కొందరు కళ్ళు ఎర్రగా చేసుకుని బయటికి వస్తున్నారు. ఉత్త మనుషులు కాదు, బండరాళ్ళలాంటి మగాళ్ళు.

"ఏమయిందండీ? నొప్పెక్కువగా ఉందా?" అని అడిగింది తోలు వ్యాపారిని.

"నొప్పేం లేదమ్మా. ఆ ఉత్తరం... వాళ్ళమ్మ రాసిన ఉత్తరం..." అని రుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

పక్కనే మందుల చీటీ కోసం నిలబడ్డ లెక్కల మేడమ్ కళ్ళజోడు సర్దుకుంది. "ఉత్తరమా? నాకు మూడుసార్లు చెప్పారు, ఉత్తరం లేదే? గొడుగు తర్వాత సరాసరి చివరి టికెట్టే."

"లేదమ్మా, అమ్మ ఉత్తరం ఉంది!"

"లేదండీ!"

"అయితే నేను ఉత్తినే ఏడ్చానంటారా?"

ముందుగది రెండు పార్టీలుగా చీలిపోయింది. పన్ను పీకించుకున్నవాళ్ళు సైతం చెంపలు పట్టుకుని వాదించారు. మరదలికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఈయన కథ చెప్పడమే కాక, మనిషికో రకంగా మార్చి చెబుతున్నాడన్నమాట! ఊళ్ళోవాళ్ళ కన్నీళ్ళతో ఆటలా? ఇలా ఊరుకుంటే లాభం లేదు, ఈయన బండారం బయటపెట్టాల్సిందే అనుకుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం, భర్త బయటికి వెళ్ళాక, కూతురు చేత సినిమా పెట్టించుకుని, కాగితం కలం పట్టుకుని కూర్చుంది. మొదటి అరగంట తిట్టుకుంటూనే చూసింది. "నోరుందిగా, చెప్పు!" అని కుర్రాడిని కసిరింది. "ఈ పిల్లకి కళ్ళు అంతంత ఎందుకు, ఎదురుగా ఉన్నవాడు కనబడనప్పుడు?" అంది. గొడుగు దగ్గర "నిజంగా అర అడుగేనా?" అని అనుమానం వచ్చి, వెనక్కి తిప్పి చూసింది. మళ్ళీ తిప్పింది. నాలుగోసారికి కూతురు లేచి వెళ్ళిపోయింది.

చివర్లో అమ్మాయి ఊరు విడిచి వెళ్ళే రోజున కుర్రాడు ఆమె టికెట్టు తీసుకున్నాడు, చిల్లు కొట్టకుండా తిరిగిచ్చేశాడు. అంతే, సినిమా అయిపోయింది. తిరుగు ప్రయాణం మిగిలే ఉందని చెప్పడానికి వాడికి మాటే అక్కర్లేకపోయింది. మరదలు పేర్లన్నీ అయ్యేదాకా టీవీ కట్టలేదు. తర్వాత తెలివి తెచ్చుకుని కాగితం చూసుకుంది. దాని మీద ఒక్క ముక్కే ఉంది: "ఉత్తరం లేదు." అమ్మా లేదు, ఉత్తరమూ లేదు, ఏడుపూ లేదు.

సోమవారం ఆవిడ ఆసుపత్రికి యుద్ధానికి వెళ్ళినట్టే వెళ్ళింది. సరిగ్గా ఆ రోజే నర్సు సెలవు పెట్టింది. గొట్టం పట్టుకోవడానికి మరదలే లోపలికి రావలసి వచ్చింది. మరీ మంచిది, రోగి ముందే నిలదీద్దామనుకుంది.

మొదటగా వచ్చినవాడు ఇళ్ళ సామాన్లు మోసే కంపెనీలో మేస్త్రీ. ఒక్కడే ఫ్రిజ్ వీపు మీద వేసుకుని మూడంతస్తులు ఎక్కుతాడని పేరు. అందరూ ఫ్రిజ్ మేస్త్రీ అనే అంటారు. దవడ బూరెలా వాచిపోయింది. చీము పట్టిన పన్ను, ఈవేళ తియ్యకపోతే ప్రమాదం; దాని పక్కదీ పుచ్చిందే. ఇంతకుముందు ఇద్దరు డాక్టర్ల దగ్గర్నించి సూది చూసి పారిపోయాడట. ఈసారి పారిపోకుండా అతని కింద పనిచేసే ఇద్దరు కూలీలు కాపలా వచ్చి, ముందుగదిలో కూర్చున్నారు. తలుపు ఓరగా తెరిచే ఉంది.

మేస్త్రీ కుర్చీలో పడుకున్నాడు. కుర్చీ చేతులు అతని పిడికిళ్ళలో కిర్రుమన్నాయి.

"నోరు తెరవండి," అన్నారు డాక్టరుగారు. "ఒక ఏరు ఉందండీ. దాని మీద ఒక లాంచీ..."

"బావగారూ," అంది మరదలు. "మీతో ఒక మాట చెప్పాలి. ఆ సినిమా నేను..."

"గొట్టం సరిగ్గా పట్టుకో మరదలా. ఆ రోజు లాంచీ ఒడ్డుకొచ్చేసరికి, ఆ కుర్రాడి కోసం ఎవరో ఒక ఉత్తరం పట్టుకుని నిలబడి ఉన్నారండీ..."

ఇదుగో ఉత్తరం! మరదలు "అసలు ఆ సినిమాలో" అనబోయి, మేస్త్రీ మొహం చూసి ఆగిపోయింది.

సూది ఇంకా పళ్ళెంలోనే ఉంది. డాక్టరుగారి కథలో ఉత్తరం ఇంకా విప్పనేలేదు. కానీ మేస్త్రీ కళ్ళ నించి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. గడ్డం గడగడా వణుకుతోంది. తలుపు వంక చూస్తున్నాడు. బయట కూలీలిద్దరూ తలుపు వైపు చెవులు రిక్కించారు.

డాక్టరుగారు ముందుగదికి వినబడేలా గొంతు పెంచారు.

"ఏడవండి మేస్త్రీగారూ, సిగ్గుపడకండి! కన్నతల్లి రాసిన ఉత్తరం. ఆ ఘట్టంలో ఏడవనివాడు మనిషే కాదు. నేనే ఏడ్చాను!"

ఆ మాటతో మేస్త్రీ గుండెల్లో ఆనకట్ట తెగింది. బావురుమన్నాడు, హాయిగా, గౌరవంగా. ఆ సందడిలో సూది ఎప్పుడు దిగిందో, ఎప్పుడు బయటికొచ్చిందో అతనికి తెలియనే తెలియదు.

గొట్టం పట్టుకున్న మరదలికి, తోలు వ్యాపారికి ఉత్తరం ఎందుకొచ్చిందో, లెక్కల మేడమ్‌కి ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది. మేడమ్‌కి సూదంటే భయం లేదు. భయపడేవాళ్ళకి మాత్రమే ఆ ఉత్తరం బట్వాడా అవుతోంది.

మత్తెక్కడానికి పది నిమిషాలు పడుతుంది. ఈలోగా ఫోన్ మోగితే మరదలు ముందుగదిలోకి వచ్చింది. కూలీల్లో చిన్నవాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అడిగాడు.

"మేడమ్, మా మేస్త్రీ ఏడుస్తున్నాడా? సూదికేనా?"

పదకొండేళ్ళలో ఆ బల్ల వెనక మరదలు అబద్ధం చెప్పింది లేదు, 'అయిపోవచ్చింది' అన్నది తప్ప.

"సూదికా? ఆ మనిషికి సూది ఒక లెక్కా!" అని కసిరింది. "తల్లి రాసిన ఆఖరి ఉత్తరమయ్యా అది. నిన్న సినిమా చూసి నేను నిద్రపోలేదు. నీ పన్ను పుచ్చి నువ్వొస్తావు చూడు, అప్పుడు చెబుతాను ఎవరు నవ్వుతారో."

ఇద్దరూ సర్దుకుని కూర్చున్నారు. పెద్దవాడు ముక్కు తుడుచుకుని, "మేస్త్రీకి తల్లంటే ప్రాణంలెండి," అన్నాడు.

అరగంటకి మేస్త్రీ ఛాతీ విరుచుకుని బయటికొచ్చాడు. ఒక బుగ్గలో దూది. నోరు తిరగడం లేదు.

"ఉత్తయంలో... ఏం యాసింది?" అని మరదలిని అడిగాడు. "చివయిదాకా చెప్పలేదు."

"ఇప్పుడే చెప్పకూడదండీ. గురువారం రండి. రెండో పన్ను కూడా ఉందిగా."

మేస్త్రీ బుద్ధిగా తలూపి, కూలీలను వెంటేసుకుని వెళ్ళిపోయాడు. పారిపోలేదు. ఆఖరికి తలుపు కూడా జాగ్రత్తగా వేసి వెళ్ళాడు.

డాక్టరుగారు చేతులు కడుక్కుంటూ లోపల్నించి అడిగారు. "ఇందాక ఏదో అనబోయావు. ఆ సినిమా చూశావా ఏంటి?"

"నాకేం పనిలేదనుకున్నారా బొమ్మల సినిమాలు చూట్టానికి!" అంది మరదలు విసురుగా, గురువారం పేజీలో మేస్త్రీ పేరు ఎక్కిస్తూ. "ఇదిగో బావగారూ, వాళ్ళమ్మ చేత ఆ ఉత్తరం ఇంకాస్త పొడుగ్గా రాయించండి. ఆయనకింకా రెండు సూదులున్నాయి."