మలావీ వెళ్లొచ్చిన మా దీవెన

నిన్న పొద్దున వంకాయలు తరుగుతుంటే కింది ఫ్లోర్ కమలమ్మ ఫోన్ చేసింది.

"అమ్మా, దీవెన లేదమ్మా."

"లేకేం, ఈపాటికి ఆఫీసులో ఉంటుంది" అన్నాను.

అవతల ఏడుపు వినపడ్డాక గానీ నా బుర్రకు ఎక్కలేదు. జీవితమంతా కాలేజీలో కెమిస్ట్రీ చెప్పిన బుర్ర.

కమలమ్మ కూతురు. ఇరవయ్యారేళ్ల పిల్ల. చుట్టరికం లేకపోయినా నన్ను అమ్మమ్మా అనేది. వానలో స్కూటీ జారిందట. ఆఫీసు రాయదుర్గంలో. అక్కడిదాకా వెళ్లనే లేదు.

మీలో చాలామందికి దీవెన అంటే మన చర్చిలో "ఆఫ్రికా వెళ్లొచ్చిన అమ్మాయి". నిన్నటి నుంచి గ్రూపులో అవే మెసేజ్‌లు. "మిషనరీ దీవెన." "సేవకు అంకితమైన బిడ్డ."

అన్నీ చదివాను. మా దీవెన ఎక్కడా కనపడలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ ప్రయాణం ఎలా మొదలైందో తెలుసా?

యూత్ రిట్రీట్‌లో ఆఖరి ప్రార్థన. అందరూ తలలు వంచి కళ్లు మూసుకున్నారు. నైట్ షిఫ్ట్ చేసి నేరుగా వచ్చిన పిల్లకు కునుకు పట్టేసింది. మెలకువ వచ్చేసరికి పాస్టరుగారు "చెయ్యెత్తండి" అంటున్నారు. ఉద్యోగాల కోసం ప్రార్థన కాబోలనుకుని ఎత్తేసింది.

ఆయన అడిగింది విదేశాల్లో సేవకు ఎవరు వెళ్తారని.

కళ్లు తెరిస్తే నలుగురు తల మీద చేతులు పెట్టి ప్రార్థిస్తున్నారు. సాయంత్రానికి కబురు ఇల్లు చేరింది. కమలమ్మ తను నర్సుగా చేసే హాస్పిటల్లో వార్డు వార్డుకూ లడ్డూలు పంచింది.

"పొరపాటున ఎత్తానని చెప్పొచ్చు కదే" అన్నాను.

"ఎట్ల చెప్త అమ్మమ్మా? అందరి ముంగట దేవుడికి ఎత్తిన చెయ్యి. ఇగ దించనిస్తరా?"

దించనివ్వలేదు. మలావీలో ఒక పల్లెకు పంపారు. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకాయన మాల్దీవులనుకుని "ఎంజాయ్" అని పెట్టాడు.

పిల్లలకు బైబిలు కథలు, యాక్షన్ సాంగ్స్ నేర్పడం పని. టీమ్‌లో ఒక్కొక్కరిని ఒక్కో ఇంట్లో ఉంచారు. వెళ్లిన కొన్నాళ్లకే వానలకు రోడ్డు తెగిపోయింది. తిరిగి రావడానికి దారి లేదు.

అక్కడివాళ్లది మహా మర్యాద. అతిథిని ఒంటరిగా వదిలితే అవమానం కింద లెక్క. దీవెన తింటుంటే ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని చూసేవారు. పడుకుంటే అటొకరు, ఇటొకరు. దొడ్డికి బయల్దేరితే వెనక పిల్లల ఊరేగింపు.

"మంచోళ్లే అమ్మమ్మా. గదే పరేషాన్. కోపం గూడ రాదు. జరసేపు ఏడుద్దామంటే జాగ లేదు."

ఆ ఇంట్లో ఒక ముసలావిడ ఉండేదట. ఆవిడ మాట దీవెనకు రాదు, దీవెన మాట ఆవిడకు రాదు. ఒకరోజు పిల్ల మొహం చూసి, చెయ్యి పట్టుకుని వంటపాకలోకి లాక్కెళ్లింది. పొయ్యి ముందు కూర్చోబెట్టింది. పచ్చి కట్టెలు ఎగదోసింది. పాకంతా పొగ కమ్మాక, తను బయటికొచ్చి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

పొగలో కళ్లనీళ్లు కారితే ఎవరు మాత్రం ఎందుకని అడుగుతారు?

రోడ్డు బాగుపడేదాకా రోజూ ఒక పూట వంట దీవెనదే. మ్యాగీ కూడా మాడబెట్టే పిల్ల. మొక్కజొన్న పిండి ముద్ద ఉండలు కట్టినా ఎవరూ కిక్కురుమనలేదట.

తిరిగొచ్చాక చర్చిలో అందరి ముందు సాక్ష్యం చెప్పమన్నారు. ఆ పొగ సంగతే చెప్పింది.

పాస్టరుగారు కంగారుగా పాట ఎత్తుకున్నారు. "ఆమెన్" అన్నది నేనొక్కదాన్నే. అదీ కాస్త గట్టిగా.

తర్వాత వేరే చర్చిలవాళ్లు పిలిచారు. పరిచయం చేసేవాళ్లు ఆ కథను కొంచెం కొంచెం సర్దుతూ వచ్చారు. చివరికి ముసలావిడ పోయింది, ఏడుపు పోయింది, దీవెన మాటకు ఊరు ఊరంతా మోకరించడం మిగిలింది. పిల్ల పక్కన నిలబడి నవ్వేది. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. వైవాలో జవాబు తెలియని స్టూడెంట్ నవ్వు.

ఈమధ్య ఇంకో టీమ్ వెళ్తుందన్నారు. లీడర్ దీవెన అని ప్రకటించేశారు. ఆమెను అడగలేదు. ఒకసారి ఎత్తిన చెయ్యి కదా.

మా ఇంటికొచ్చి సోఫాలో కూలబడింది.

"జన్మంత గిదేనా అమ్మమ్మా? దేవుడంటే నాకిష్టమే. గీ వేషమే వద్దు. అమ్మకెట్ల చెప్పాలె?"

"నోటితో చెప్పు. పళ్లేం రాలిపోవు."

ఆదివారం చెప్పింది. కమలమ్మ అప్పట్నుంచీ కూతురితో మాట్లాడలేదు. నిన్న పొద్దున కూడా టిఫిన్ బాక్సు టేబుల్ మీద పెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయిందట. ఈ ముక్క రాయమని కమలమ్మే అంది.

ఈ ఉదయం వాళ్లింట్లో ఉన్నాను. మన యూత్ లీడర్ వచ్చి ఫోన్‌లో ఫ్లెక్స్ డిజైన్ చూపించాడు.

"ఆంటీ, పేరు కింద 'మిషనరీ' అని పెద్దగ ఏస్తున్నం. జర చూడుండ్రి."

నేను నోరు తెరవబోయాను. కమలమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

"తీసెయ్ తమ్మీ. నా బిడ్డ వద్దన్నది."

"అది కాదు ఆంటీ, చర్చిల అందరు గిట్లనే పెట్టమని..."

"వద్దన్నది. ఇప్పుడన్న నన్ను ఇననియ్యి."

అతను ఆ మాట చెరిపేశాడు. ఫోటో కింద "దీవెన" అని మాత్రం ఉంది.

రేపు సమాధుల తోటకు వచ్చేవాళ్లందరికీ మనవి. ఆఫ్రికా గొప్పలు ఎత్తకండి. నేను అక్కడే ఉంటాను.

వెళ్లు తల్లీ. ఎవరూ పేరు పెట్టి స్టేజీ మీదికి పిలవని చోట, వెనక బెంచీలో, నీ ప్రభువు పక్కన చెప్పులు విడిచి హాయిగా కూర్చో.

నీకు శాంతి. మీ అమ్మకు కూడా.