ఆరని దుప్పటి

ఎండలు ముదిరితే చాలు, దర్జీ తన పనంతా పెరట్లోకి మార్చేస్తాడు. భార్య తీగ మీద దుప్పటి ఆరేసిందంటే ఆయన పంట పండినట్టే. ఆ చల్లటి నీడలో కూనిరాగం తీస్తూ కాజాలు కుడతాడు. దుప్పటి ఆరితే ఆవిడ తీసేస్తుంది, నీడ పోతుంది. అందుకే ఆవిడ లోపలికెళ్ళగానే దాని మీద చెంబెడు నీళ్ళు చల్లి, ఏమీ ఎరగనట్టు సూదిలో దారం ఎక్కిస్తాడు.

నాలుగోసారి వచ్చి ఆవిడ దుప్పటి అంచు పిండి చూసింది.

"ఇంత ఎండలో కూడా ఆరలేదేంటండీ?"

"మందం గుడ్డ కదే! గుడ్డల సంగతి నాకు తెలీదా?" అన్నాడు తలెత్తకుండా.

ఆవిడ లోపలికి వెళ్ళి, బీరువాలోని పొడి దుప్పటిని తడిపి తెచ్చి, పక్కనే ఆరేసి, దాని నీడలో పీట వేసుకుంది.

"ఆ చెంబు ఇటివ్వండి. నాదీ మందం గుడ్డే."