పాత చెత్తే పోతోందన్నాను

ఇది ఎవరికో ఒకరికి చెప్పాలి. ఎన్నోసార్లు చెప్పబోయి ఆగిపోయాను. మా ఆయనకు చెప్పలేదు, అక్కకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే కాబోలు ఇప్పుడు నోరు పెగులుతోంది. ఒక పెద్దావిడ విషయంలో నేను చేసిన తప్పు పదేళ్లు దాటినా నన్ను కుదురుగా కూర్చోనివ్వదు. అన్నం తింటుంటే గుర్తొస్తుంది. బస్సులో గుర్తొస్తుంది.

తెలంగాణ రావడానికి రెండేళ్ల ముందు అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదివేదాన్ని. అప్పటికే రెండుసార్లు తప్పాను. కొత్త నోటిఫికేషన్ల జాడ లేదు. నారాయణగూడలో పేగులు శుభ్రం చేసే సెంటర్ ఒకటి ఉంటే పొద్దున పూట పనికి కుదిరాను. వచ్చినవాళ్లకు మూడు రోజులు మజ్జిగలో ఒక పొడి తాగించేవాళ్లం. తర్వాత బల్ల మీద పడుకోబెట్టి గొట్టంతో పేగుల్లోకి గోరువెచ్చటి నీళ్లు ఎక్కించేవాళ్లం. బయటికొచ్చేది గాజు గొట్టంలో కనిపించేది. జిగటగా, తాడులా. ఏళ్ల తరబడి పేరుకున్న చెత్త ఇదేనని చూపించడం నా పని. కళ్లారా చూశాక నమ్మనివాళ్లెవరు?

ఒకరోజు ఆ పొడి కొంచెం హాస్టల్‌కు తెచ్చుకుని స్టీలు గ్లాసులో నీళ్లతో కలిపాను. ఎందుకు కలిపాను? అనుమానమే అయి ఉంటుంది. కాసేపటికి అది ఉబ్బి, జిగటగా తాడులా సాగింది. రోజూ నేను చూపించేది అదే. వాళ్ల కడుపులో పేరుకున్నది కాదు, మేం తాగించిందే. గ్లాసు కడిగేసి మర్నాడు మామూలుగా పనికి వెళ్లాను.

సుభద్రమ్మగారు చిక్కడపల్లి నుంచి వచ్చేవారు. అరవై దాటిన మనిషి, ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. మలబద్ధకమని మా దగ్గర చేరారు. నన్ను డాక్టరమ్మా అని పిలిచేవారు. నేను కాదనలేదు. ఒక ఉదయం చీర సర్దుకుంటూ గొంతు తగ్గించారు.

“డాక్టరమ్మా, నెల్లాళ్లుగా ఎర్రగా పడుతోంది. రక్తమేమోనని భయంగా ఉంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు, ముందు నిన్నడుగుదామని. ఆస్పత్రిలో చూపించుకోమంటావా?”

“ఏం లేదమ్మా. పాత చెత్త పోతుంటే పేగు జర ఒరుసుకపోతది. గట్లనే పడ్తది. పరేషాన్ కాకుండ్రి.”

“అంతేనంటావా?”

“అంతేనమ్మా. మంచిగైతది.”

ఆమె ముఖం తేటపడింది.

అలా చెప్పమని సెంటర్ నడిపే మేడం నేర్పిందా? లేదు. రక్తం గురించి మాకెవరూ ఏమీ నేర్పలేదు. పని పోతుందని భయపడ్డానా? చాలా ఏళ్లు అలాగే సర్దిచెప్పుకున్నాను, అదీ నిజం కాదు. నాకు తెలియదు, డాక్టరుకు చూపించుకోండి అంటే ఆ క్షణం నుంచి నేను డాక్టరమ్మను కాను, రెండుసార్లు పరీక్ష తప్పిన పిల్లను. ఒక పెద్దావిడ నన్నడిగి, నా మాటతో ధైర్యం తెచ్చుకోవడం నాకు బాగుంది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

ఆర్నెల్ల తర్వాత ఆమె కూతురు సెంటర్‌కు వచ్చింది. తల్లికి పెద్దపేగులో క్యాన్సర్, బాగా ముదిరిందట. కొంచెం ముందు తీసుకురావాల్సింది అన్నారట డాక్టర్లు. రక్తం పడుతున్న సంగతి అమ్మ ఇక్కడ ఎవరికైనా చెప్పిందా అని నన్నే అడిగింది. లేదన్నాను. ఆలోచించడానికైనా ఆగలేదు.

ఆ నెలలోనే పని మానేశాను. తర్వాత ఓసారి చిక్కడపల్లిలో వాళ్లింటికి వెళ్లాను, చెప్పేద్దామనే. సుభద్రమ్మగారు మంచం మీద పుల్లలా ఉన్నారు. కూతురు కాఫీ ఇచ్చి తల్లి ముందే అంది, ఎవరికీ చెప్పకుండా లోపల దాచుకుందని, చేతులారా ప్రాణం మీదికి తెచ్చుకుందని. ఆ గొంతులో కోపం ఉంది, ఏడుపూ ఉంది. సుభద్రమ్మగారు నా వైపు చూశారు. నన్ను చూపించి ఒక్క మాట అంటే చాలు. అనలేదు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చుని, కాఫీ తాగి వచ్చేశాను. ఆమె ఎందుకు ఊరుకున్నారు? నా మీద జాలిపడ్డారా? లేక నన్నడిగిన సంగతి ముందే చెప్పి చూస్తే కూతురు నమ్మలేదా? ఆ ఏడాదే ఆమె పోయారు.

ఆ జబ్బు నేను తెచ్చింది కాదు, ముందే వెళ్లినా బతికేవారో లేదో అని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఆ మాటతో మనసు కుదుటపడలేదు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. ఆ కూతురు ఇవాళ్టికీ తల్లిని తప్పుపడుతూనే ఉండి ఉంటుంది. సుభద్రమ్మగారు దాచలేదు. భయమేసి, నోరు తెరిచి అడిగారు. నన్నడిగారు.