చెల్లెలి సన్నగొంతు కోసం కొన్న ఇయర్‌బడ్స్

మా చెల్లెలికి స్వరపేటిక మీద చిన్న గడ్డ లేచింది. కడపలో ఆపరేషన్ చేసి తీశారు. ప్రమాదమైన గడ్డ కాదని పరీక్షలో తేలింది కానీ గొంతు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. ఇరవై రోజులు నోరు మెదపకుండా ఉండి, ఆ తర్వాత మాట్లాడబోతే పొయ్యి ఊదినట్టు గాలే ఎక్కువ, మాట తక్కువ. గొంతు పెంచవద్దనీ, చెప్పిందే మళ్ళీ మళ్ళీ చెప్పి అలసిపోవద్దనీ డాక్టరు గట్టిగా చెప్పి పంపారు.

ఆమెది కమలాపురం, నేనుండేది కర్నూలులో. నేను ఉద్యోగం మానుకున్నప్పటి నుంచి రోజూ సాయంత్రం నాలుగున్నరకు ఫోన్ చేసుకోవడం మా ఇద్దరికీ అలవాటు. ఆమె మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టిన రోజున నేను ఫోను చెవికి అదిమి పెట్టుకుని, మాట మాటకూ "ఏమంటివి?" అని అడిగాను. ఆమె ప్రతిసారీ గొంతు పెంచి చెప్పింది. మూడు రోజులు ఇట్లా జరిగాక ఆమె కోడలు ఫోను తీసుకుంది.

"పెద్దత్తా, మీరు అడిగినప్పుడల్లా అత్త అరిచి చెప్తాంది. రాత్రికి గొంతు మంటంటాంది. కొన్నాళ్ళు ఫోను నిలిపేద్దాం. అత్త కాగితం మీద రాసిస్తే నేను ఫోటో తీసి మీకు పంపిస్తా."

ఆ అమ్మాయి చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. అయినా నాకు పది రోజులు గడువు కావాలని అడిగాను. పది రోజుల్లో నేను అడగడం తగ్గితే ఫోను కొనసాగుతుంది, తగ్గకపోతే కాగితమే. దానికి ఆమె ఒప్పుకుంది.

నేను ఆడపిల్లల కళాశాలలో భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేశాను. తూనికలు, స్టాప్‌వాచీలు, శ్రుతిదండాలు నా చేతుల మీదుగా పిల్లలకు వెళ్ళేవి. లెక్క రాసుకోకుండా ఏదీ బాగుందనీ బాగలేదనీ అనను. అందుకే ఆ మూడు రోజులూ నేనెన్నిసార్లు "ఏమంటివి?" అన్నానో నోటుబుక్కులో గీతలు గీసి పెట్టుకున్నాను. పదినిమిషాల ఫోనులో మొదటి రోజు పద్నాలుగు, రెండో రోజు పదిహేడు, మూడో రోజు పదిహేను.

వైర్లు లేని ఇయర్‌బడ్స్ పెట్టుకుంటే రెండు చెవులతోనూ వినవచ్చునని మా అబ్బాయి చెప్పాడు. ఆ మాట నాకు నచ్చింది. ఫోను ఎప్పుడూ ఒక చెవికే కదా. ఆదివారం సాయంత్రం అంగడికి నేనే వెళ్ళాను. అంగడి ఆయన పాటలకు బాగుంటాయని ఒకటి, డప్పు మోత అదిరిపోతుందని ఇంకొకటి తీసి చూపించాడు. నేను పాటలు విననని, నెమ్మదిగా మాట్లాడే ఒక మనిషి గొంతు వినాలని చెప్పాను.

"ఏమవ్వా, వచ్చినోళ్ళంతా సౌండు కావాలంటారు. నువ్వు గుసగుస కావాలంటాండావే" అని, కాసేపు వెదికి ఒక డబ్బా ఇచ్చాడు. పది రోజుల్లో బాగలేకపోతే బిల్లుతో సహా తెచ్చి ఇమ్మన్నాడు. ఆ గడువూ, చెల్లెలి కోడలు ఇచ్చిన గడువూ ఒక్కటే అయ్యాయి.

సోమవారం మొదటి రోజు. డబ్బాలో మూడు సైజుల రబ్బరు తొడుగులున్నాయి. ఇయర్‌బడ్స్‌కు ముందే వేసి ఉన్నవి నాకు పెద్దవయ్యాయి, తల వంచితే జారి ఒకటి బియ్యం కడిగే గిన్నె పక్కన పడింది. అన్నిటికంటే చిన్నవి వేశాక నిలిచాయి. ఇంకొక ఇబ్బంది నేను ఊహించనిది. నా చెవులకు ఏడు రాళ్ళ కమ్మలున్నాయి. తల తిప్పినప్పుడల్లా ఇయర్‌బడ్ కాడ కమ్మకు కొట్టుకునేది. ఆ చప్పుడు నాకంటే ఫోనులో చెల్లెలికే ఎక్కువ వినిపించింది. గడియారం పక్కన కూర్చున్నావా అని అడిగింది. మరుసటి రోజు కమ్మలు తీసి చిన్న దుద్దులు పెట్టుకున్నాను. మార్చి ఎండకు తల మీద కొంగు కప్పుకుంటే గుడ్డ రాసుకుని బరబరమంటుంది. అందుకని ఫోను చేసేటప్పుడు కొంగు దింపుతున్నాను.

మంచివీ రాసుకున్నాను. చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి కనుక బుధవారం జొన్నరొట్టెలు తడుతూ మాట్లాడాను. తట్టే చప్పుడు కమలాపురం దాకా పోయింది. ఆమె చప్పుడు ఆగినప్పుడల్లా లెక్కపెట్టి, ఆరు చేశానని సరిగ్గా చెప్పింది. ఒకసారి ఛార్జింగ్ పెడితే నా పదినిమిషాల ఫోనుకు వారమంతా సరిపోతుంది. మిక్సీ తిరుగుతున్నప్పుడు మాత్రం పనికిరావు. వీధిలో ఆటో హారన్ కొడితే అదీ లోపలికి వస్తుంది.

గీతలు సోమవారం ఆరు, మంగళవారం నాలుగు, బుధవారం మూడు, గురువారం మూడు. ఇక ఫోను నిలవదన్న భయం పోయింది.

శుక్రవారం పది గీతలు పడ్డాయి. శనివారం తొమ్మిది. ఆదివారం పన్నెండు. ఆదివారం ఫోను చివర్లో ఆమె మాటలు ఆపేసి ఊరికే ఊపిరి తీసుకోవడం వినపడింది.

నేను పద్ధతి ప్రకారమే వెదికాననుకున్నాను. మారగలిగినవి మూడు: వస్తువు, నా చెవి, ఆమె గొంతు. ఇయర్‌బడ్స్ నిండా ఛార్జి చేసి ఫోనులో వార్తలు పెట్టాను, చదివే ఆవిడ మాట ప్రతి అక్షరం వినపడింది. అంటే వస్తువూ బాగుంది, నా చెవీ బాగుంది. ఇక మిగిలింది చెల్లెలి గొంతు. గడ్డ మళ్ళీ లేచిందేమో, నాకు చెప్పకుండా దాస్తున్నారేమో అనుకున్నాను. సోమవారం పొద్దున ఐదున్నర బస్సుకు కడప వెళ్ళి, అక్కడి నుంచి ఇంకొక బస్సు పట్టుకుని మధ్యాహ్నానికి కమలాపురంలో దిగాను. చెప్పకుండా వెళ్ళాను. ఇయర్‌బడ్స్ డబ్బా, నోటుబుక్కు సంచిలో ఉన్నాయి.

చెల్లెలు వసారాలో మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి ఎవరికన్నా బాగలేదా అని అడిగింది. ఆ మాట నాకు స్పష్టంగా వినపడింది. ఆ తర్వాత గంటసేపు ఎదురుగా కూర్చుని మాట్లాడుకున్నాం. ఒకే ఒక్కసారి మళ్ళీ అడిగాను. గొంతు సన్నగానే ఉంది కానీ ఫోనులో నేను విన్నంత హీనంగా లేదు. ముందటి వారం డాక్టరు చూసి నయమవుతోందని చెప్పారట.

నేను వచ్చిన కారణం చెప్పి నోటుబుక్కు తెరిచి చూపించాను. ఆమె గీతల వైపు చూడలేదు. ఇయర్‌బడ్స్ డబ్బా తీసుకుని మూత తెరిచింది. ఒకదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"తలంటుకుంటివా శుక్రవారం?"

"అంటుకుంటి. ఎప్పుడూ శుక్రవారమే కదా."

"చెవుల్లో నూనె వేసుకుంటివా?"

మా అమ్మ మా ఇద్దరికీ నేర్పిన అలవాటు అది. తలంటుకునే రోజు వెల్లుల్లి వేసి కాచిన నువ్వుల నూనె గోరువెచ్చగా రెండేసి చుక్కలు చెవుల్లో వేసుకోవడం. అరవై ఏళ్ళకు పైగా ఏ శుక్రవారమూ తప్పలేదు. తప్పనిది కనుకనే అది మారగలిగే వాటి లెక్కలోకి రాలేదు.

"దీన్నిండా తెల్లగడ్డ వాసన. నా గొంతుకేం రోగం రాలేదక్కా, నీ మిషన్‌కు జిడ్డు పట్టుండాది" అంది. చెవుల్లో నూనె పోసుకోవద్దని ఆమె గొంతు చూసిన డాక్టరే ఆమెకు చెప్పారట. నాకు చెప్పాలని తోచలేదట.

రబ్బరు తొడుగులు పీకి వెలుతురులో పట్టి చూశాం. లోపలి సన్నజాలీ మీద నూనె పొర మెరుస్తోంది. నా తప్పు నాకు అప్పుడు తెలిసింది. గట్టిగా చదివే ఆవిడ గొంతుతో పరీక్షించి, సన్నగొంతు గురించి తేల్చేశాను. గట్టి మాట ఆ పొరలోంచి దూరి వస్తుంది, సన్న మాట రాదు. ఇట్లాంటి పని పిల్లలు చేస్తే రికార్డు పుస్తకం మూసి వెనక్కి ఇచ్చేదాన్ని.

కోడలు తొడుగులు సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టింది. జాలీని కిందికి వంచి పట్టుకుని, మెత్తని కొత్త బ్రష్షుతో పొడిగా తుడిచాను. మూడుసార్లు తుడిచాక దూది అద్ది చూస్తే మరక పడలేదు. అవి పెట్టుకుని పెరట్లోకి వెళ్ళి బట్టలుతికే బండ మీద కూర్చున్నాను. వసారాలోంచి చెల్లెలు ఫోను చేసింది. పది నిమిషాలకు నాలుగు గీతలు. లోపలికి వచ్చి ఆ అంకె ఇద్దరికీ చూపించాను. మూడు కంటే ఒకటి ఎక్కువ ఎందుకు పడిందో తెలియడం లేదన్నాను.

చెల్లెలు తొందర లేకుండా చెప్పింది.

"ఆ నాలుగూ నీకు వినపడినాయి. విన్నాక కూడా అడుగుతావు నువ్వు. మాత్రలు రెండంటి. రెండా అంటివి. రెండంటే, పొద్దున రెండా, మొత్తం రెండా అంటివి. నేను నీ లాబుకొచ్చిన పిల్లనా అక్కా?"

కోడలు నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళింది. నేను గీతల్ని మళ్ళీ చూసుకున్నాను. వినపడక అడిగినవేవి, సరిచూసుకోవడానికి అడిగినవేవి అన్న విభజన నా నోటుబుక్కులో ఎక్కడా లేదు. ఆమె గొంతుకు మాత్రం రెండింటి బరువూ ఒక్కటే.

ఆ రాత్రి అక్కడే ఉన్నాను. మంగళవారం బస్సు ఎక్కబోయే ముందు కోడలి ఎదురుగానే చెల్లెలు షరతు పెట్టింది. కాగితాలు వద్దు, ఫోనే. కానీ ఒక ఫోనుకు ఒక్క "ఏమంటివి". రెండోది వస్తే పెట్టేస్తుంది. నేను రెండు అడిగాను. ఒప్పుకోలేదు.

బుధవారం పదో రోజు. ఇయర్‌బడ్స్ అంగట్లో తిరిగి ఇవ్వలేదు. రోజువారీ వాడకానికి పనికొస్తాయని రాసుకున్నాను. చిన్న తొడుగులు వేయాలి, దుద్దులు పెట్టుకోవాలి, వారానికొకసారి జాలీ తుడవాలి అని దాని కింద రాశాను. చెవుల్లో నూనె మానేశాను. రెండు శుక్రవారాలు తల ఏదో వెలితిగా ఉండింది.

షరతు నిలబెట్టుకోవడం వస్తువు కొన్నంత తేలిక కాదు. నిన్న ఫోనులో నా ఒక్క ప్రశ్నా మొదటి నిమిషంలోనే అయిపోయింది. ఎండ ఎంత కాస్తోందో ఆమె చెప్తే, అది ఈ రోజు సంగతా నిన్నటిదా అని అడిగేశాను. చివర్లో ఆమె ఏదో చెప్పింది. అప్పుడే వీధిలో ఆటో పోయింది. నిజంగా వినపడలేదు. అడగడానికి నోరు తెరిచి మూసుకున్నాను. అవతల నుంచీ చప్పుడు లేదు. అట్లా ఎంతసేపో, గడియారం చూసుకోలేదు.

తర్వాత ఆమె గాలిగా నవ్వి, తనంతట తానే మళ్ళీ చెప్పింది. మిరపకాయలు ఎండాయట, నాకు రెండు కిలోలు పంపిస్తుందట. సరేనన్నాను.