అందరికీ షేరు: మా ఖాజా సార్ కోసం

నిన్న పొద్దున లైబ్రరీ వాట్సాప్ గ్రూపులో ఖాజా సార్ ఫోటో వచ్చింది. రోజూ కొత్త పుస్తకాల ఫోటోలు పెట్టేది ఆయనే కదా, కింద రాసింది తర్వాత చదువుదామని ఫోన్ బ్యాగులో వేసుకున్నాను.

ఎమ్మిగనూరులో ఆదోని బస్సు ఎక్కాక చదివాను. సార్ ఇక లేరు.

హార్ట్ ఎటాక్ అట.

 

తెలియని వాళ్ళ కోసం. ఖాజా సార్ ఆదోనిలో మా కాలేజీ లైబ్రేరియన్. నేను అక్కడ బాటనీ చెబుతాను. కంది విత్తనానికి పురుగు పట్టకుండా దాచుకోవడం మీద నాదొక పేపర్ వచ్చింది. వేరే పరిశోధకులెవరూ దాన్ని తమ పేపర్లలో పేర్కొనలేదు. కాలేజీ రీసెర్చ్ కమిటీ భాషలో, సైటేషన్లు సున్నా. ఇక రాయకూడదనుకున్నాను.

సార్ ఒప్పుకోలేదు.

"సైటేషన్ ఒకటేనా కొలత? చదివినోళ్ళు, డౌన్‌లోడ్ చేసుకున్నోళ్ళు, చేన్లో వాడినోళ్ళు లెక్కకు రారామ్మా?"

పేపర్‌ను లైబ్రరీ వెబ్‌సైట్‌లో పెట్టారు. సారాంశం తెలుగులో రాసి వాట్సాప్‌లో పంపారు. చివరి లైను: "కంది విత్తనం. అందరికీ షేరు."

'చేయండి' అని రాయడం మర్చిపోయారు.

ఆ వారమే దేవనకొండ నుంచి ఒక పెద్దాయన ఖాళీ సంచితో లైబ్రరీకి వచ్చాడు.

"ఈడ మనిషికి సేరు కంది యిత్తనం ఇస్తాండారంట గదప్పా?"

"తూకం సేరు కాదు పెద్దాయనా. పక్కోళ్ళకు పంపమని," అన్నారు సార్.

"పంపినా లేప్పా, ఊరందరికీ. ఎనకాల ఆటోలో వస్తాండారు, సంచులు ఎత్తుకొని."

సార్ నాకు ఫోన్ చేశారు. "అమ్మా, నీ సైటేషన్లు ఆటోలో వస్తాండాయి. జల్దీ రా."

అందరినీ రీడింగ్ హాల్లో కూర్చోబెట్టి టీ తెప్పించారు. పద్ధతి చెప్పాను. ఒకామె అడిగింది: "తినేటివి, యిత్తనాలు ఒకే కుండలో పోసుకుంటాం. దినామూ మూత తీస్తాం. అప్పుడెట్ల?"

నా రెండో పేపర్ ఆ ప్రశ్నతోనే మొదలైంది.

ఇదంతా సార్ కమిటీకి రాసి పంపారు, సంచుల ఫోటోతో సహా. తమ ఫారంలో దానికి కాలమ్ లేదన్నారు కమిటీ వాళ్ళు.

అప్పటినుంచి కనబడితే ఒకటే మాట. "ఏమ్మా, ఎన్ని సేర్లు?"

ఎమ్మిగనూరులో గది. ఆదోనిలో క్లాసు. నా పని గురించి అడిగే మనిషి ఆయనొక్కరే.

రెండో పేపర్ నిన్న తెచ్చి ఇస్తానని సార్‌కు ముందే చెప్పాను. ప్రింటు బ్యాగులోనే ఉంది, ఫోన్ పక్కన.

వాళ్ళ ఇంటికి వెళ్ళి ఆఖరిసారి చూసి, లైబ్రరీకి వచ్చాను. తాళం వేసి ఉంది. కాసేపు మెట్ల మీద కూర్చుని, ప్రింటుతోనే తిరుగు బస్సు ఎక్కాను.

ఈ రోజు ఆ పేపర్ సారాంశం నేనే తెలుగులో రాశాను. ఈ పోస్టుకు జతచేస్తున్నాను. చివరి లైను మాత్రం సార్‌దే. సరిదిద్దలేదు.

కంది విత్తనం. అందరికీ షేరు.

ఎవరైనా సంచితో వస్తే టీ నేను తెప్పిస్తాను సార్. మీరు నిశ్చింతగా పడుకోండి. అల్లా మీకు చల్లని చోటు ఇవ్వాలి.